ఆరింటికి ఎనిమిది నిమిషాల ముందు

ప్లిమత్‌లో సిరిల్ లస్కమ్ రాసిన అక్షరాలు చదవకుండా ఎవరూ ఒక వీధి దాటలేరు. పబ్బుల బోర్డులు, మాంసం కొట్ల అద్దాలు, రేవులో చేపల పడవల పేర్లు, సగానికి సగం ఆయన కుంచె పనే. అవి ఎవరు రాశారని అడిగినవాళ్ళు లేరు. బోర్డు రాసేవాడు తన పేరు రాసుకోడు. ముప్పయ్యేళ్ళు ఇతరుల పేర్లకు బంగారు రేకు అద్దిన మనిషికి ఆ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. అయినా ఒక్క చోట తన పేరు ఉండాలని ఆయన కోరిక. ఆ చోట ఎప్పుడూ పెర్సీ నార్త్‌కాట్ పేరే వినబడేది.

యుద్ధంలో ఇద్దరూ కిల్వర్తీ అనే డిస్ట్రాయర్ మీద పనిచేశారు. సరుకు ఓడల బారులకు కాపలాగా పోయే సన్నని ఓడ అది. అలల పైన కంటే అలల కిందే ఎక్కువ తిరుగుతుందని అందులోవాళ్ళు వేళాకోళం చేసేవారు. నీళ్ళలోకి శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి జలాంతర్గామి జాడ చెప్పే యంత్రం ఒకటి ఉండేది. యాజ్డిక్ అనేవారు. బీరువా అంత గదిలో చెవులకు తొడుగులు పెట్టుకుని దాని ముందు కూర్చోవడం సిరిల్, పెర్సీల పని. ఒకడు లేస్తే ఒకడు కూర్చోవాలి. ఆ పీట చల్లబడింది లేదు.

1942 నవంబర్లో, అల్జీరియా తీరాన, ఒక సాయంత్రం ఆ యంత్రానికి ఒక జలాంతర్గామి తగిలింది. రెండు గంటలు వేటాడారు. ఎనిమిదింటికి నీళ్ళ మీదికి నూనె తేలింది. పెర్సీకి పతకం వచ్చింది.

ఆ తర్వాత పెర్సీకి అన్నీ వచ్చాయి. ప్రమోషన్ వచ్చింది. యుద్ధమయ్యాక స్టోన్‌హౌస్‌లో ఇనుప సామాన్ల కొట్టు వచ్చింది. యాభై అయిదేళ్ళకు కూడా నల్లగా ఉన్న జుట్టు ఒకటి. యుద్ధంలో పోయినవాళ్ళ జ్ఞాపకార్థం జరిగే నవంబర్ కవాతులో వాడు ముందు వరసలో నడిచేవాడు. సిరిల్ మూడో వరసలో, వాడి వీపు చూస్తూ. ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఒకటే, పెర్సీ మంచివాడు. ఊళ్ళో అందరూ అదే మాట. సిరిల్ ఇంట్లో కూడా.

1972 వసంతంలో కిల్వర్తీ నావికుల సంఘం ఒక బోర్డు పెట్టించాలనుకుంది. యుద్ధకాలంలో చందాలు పోగేసి ఆ ఓడను దత్తత తీసుకున్న చిన్న ఊరొకటి ఉంది. ఆ ఊరి చర్చిలో ఓడ చరిత్రంతా ఓక్ చెక్క మీద బంగారు అక్షరాల్లో ఉండాలి. రాసేది ఎవరో వేరే చెప్పుకోనవసరం లేదు. సంఘం కార్యదర్శి జేగో, ఒకప్పుడు ఓడలో వైర్‌లెస్ మనిషి, కాగితం పట్టుకుని సిరిల్ పనిశాలకు వచ్చాడు. ఎక్కడ కట్టారు, ఏ సముద్రాలు తిరిగింది, మాల్టా, అల్జీరియా, నార్మండీ, ఎప్పుడు తుక్కుకు పోయింది. పదకొండు వరసలు. ఏడో వరసలో జలాంతర్గామి. దాని కింద, తొలి ప్రతిధ్వని విన్నవాడి పేరు.

"ఆ వరస ఇప్పుడే రాయకు. ఆదివారం సంఘంలో తేల్చాలి" అన్నాడు జేగో.

"తేల్చడానికేముంది? నార్త్‌కాట్ కదా."

జేగో చుట్టూ చూసి గొంతు తగ్గించాడు, పనిశాలలో ఇంకెవరూ లేకపోయినా. "యుద్ధం కాగితాలన్నీ ఈ ఏడు బయటపెట్టారు, తెలుసుగా? లండన్ పోయి మన ఓడ దినచర్య చూసొచ్చాను. తొలి ప్రతిధ్వని అయిదూ యాభై రెండుకి."

సిరిల్ కుంచె కడగడం ఆపలేదు.

"ఆలోచించవయ్యా! నాలుగు నుంచి ఆరు దాకా మొదటి డాగ్ వాచ్, సాయంత్రం కాపలా. ఆ రోజు అది మన జట్టుది. నేను ఆరింటికే లేచాను. నువ్వూ ఆరింటికే లేచుంటావు. పెర్సీ వచ్చేది ఆరు తర్వాత. వేటలో వాడు కూర్చున్నాడు కాబట్టి కెప్టెన్ వాడి పేరు రాశాడు. విన్నది మాత్రం నువ్వు. ఇన్నేళ్ళూ నోరెత్తలేదేమయ్యా?"

"ఏం మాట్లాడను?" అన్నాడు సిరిల్.

అబద్ధం కాదు. నిజమూ కాదు. జేగో దాన్ని వినయమనుకుని భుజం తట్టి వెళ్ళిపోయాడు.

అసలు జరిగింది ఇది. మర్నాడు ఉదయం ఓడ అల్జీర్స్ చేరుతుంది, ఒడ్డుకు దిగనిస్తారు. నెల రోజుల ఉప్పు సిరిల్ నెత్తిన అట్టకట్టి ఉంది. ఆరింటికి బాయిలర్ గదివాళ్ళు దిగారంటే వేడినీళ్ళు చుక్క మిగలదు. వాళ్ళకంటే ముందు తల కడుక్కోవాలి. ఓడలో సాయానికి వెల రమ్ములో ఉండేది. మధ్యాహ్నం ఇచ్చే రమ్ములోంచి చొక్కా ఉతికినవాడికి చిన్న గుక్క, కాపలా కొంత కాసినవాడికి పెద్ద గుక్క. మొత్తం గ్లాసు, ప్రాణం కాపాడినవాడికి. ఆ మధ్యాహ్నం సిరిల్ పెర్సీకి పెద్ద గుక్క ఇచ్చాడు. పెర్సీ గొంతు రెండుసార్లు కదలడం చూస్తూ నిలబడ్డాడు. బదులుగా పెర్సీ పావుగంట ముందు వచ్చి కూర్చోవాలి.

పెర్సీ వచ్చాడు. "ఏమైనా ఉందా?" అన్నాడు. "చేపలు" అని చెవి తొడుగులు చేతికిచ్చి సిరిల్ దిగిపోయాడు. తలకు సబ్బు పట్టించగానే పోరుకు పిలిచే గంటలు మోగాయి.

ముందే లేచిపోవడం నేరం కాబట్టి అప్పుడు చెప్పలేదు. ఆ తర్వాత చెప్పుకోదగ్గ సంగతి కాదు. మనుషులు అదృష్టం పోగొట్టుకుంటారు. ఈయన ఎదురిచ్చి మరీ వదిలించుకున్నాడు.

ఇప్పుడు దినచర్య కాగితం ఆ పావుగంటను తుడిచేసింది. సిరిల్ నోరు మూసుకుని ఉంటే చాలు.

శనివారం టీ దగ్గర భార్య ఐవీ అడిగింది. "జేగో చెప్పాడులే. మరి పెర్సీ ఏమంటాడో?"

"వాడేమంటే ఏం? కాగితం ఉంది."

"బాధపడతాడేమోనని. పోయిన వారం మన కుళాయికి వాషరు ఊరికే ఇచ్చాడు."

"వాషరు!" అన్నాడు సిరిల్. "ముప్పయ్యేళ్ళు నా పేరు వాడుకుని వాషరిచ్చాడు."

ఐవీ కేకు కోయడం ఆపి మొగుడి మొహంలోకి చూసింది. "అయితే నిజంగా నువ్వే విన్నావన్నమాట. నాతో కూడా అనలేదే?"

"కేకు కోస్తావా లేదా?"

ఆదివారం మధ్యాహ్నం పబ్బు మేడ గదిలో పద్నాలుగు మంది పోగయ్యారు; వెనక కుర్చీల్లో ఐవీ కూడా ఉంది. జేగో లేచి కాగితం చదివాడు. మాట పూర్తయ్యేసరికి అందరూ పెర్సీ వైపు తిరిగారు. సిరిల్ వైపు ఎవరూ చూడలేదు. దాన్ని ఆయన గమనించాడు.

పెర్సీ నోట్లో ముక్క నమిలి, మూతి తుడుచుకుని, నవ్వాడు. "నాకు టైము గుర్తులేదు. గంటలు మోగడం, ఆ టింగుమనే చప్పుడు, అంతే. గడియారం అలా చెప్తే వాడి పేరే రాయండి. నా దగ్గర పతకం ఉందిగా. మా ఆవిడ దాన్ని బొత్తాల డబ్బాలో పెట్టింది." తర్వాత సిరిల్ వైపు తిరిగాడు. "రాసుకోరా. నీ బోర్డు, నీ కుంచె, నీ పేరు. నాకేం అభ్యంతరం?"

గదంతా ఒక్కసారి వదులైంది. ఎవరో చప్పట్లు కొట్టారు. "అదీ మనసంటే!" అన్నాడు ఒకడు. ఇంకొకడు పెర్సీకి బీరు తెమ్మని కిందికి కేకేశాడు. ఒక చెయ్యి పెర్సీ వీపు మీద, ఒక చెయ్యి భుజం మీద. పేరు సిరిల్‌కి వచ్చింది. మెప్పు మళ్ళీ అటే పోయింది. ఇక ఆ బోర్డు చూసిన ప్రతివాడూ, ఆ పేరు నార్త్‌కాట్ ఇచ్చిందే అంటాడు.

"వద్దు" అన్నాడు సిరిల్.

"ఊరుకో, మొహమాటపడకు" అన్నాడు జేగో.

"మొహమాటం కాదు. వాడిచ్చేది నాకొద్దు." ఆయన లేచి నిలబడ్డాడు. "ఆ పీట మీద నేను లేను. అయిదూ ముప్పావుకే వీడొచ్చి కూర్చున్నాడు. నేనే రమ్మన్నాను, పెద్ద గుక్క పోసి. నేను తల కడుక్కోవడానికి పోయాను."

మూలన కూర్చున్న విడ్జర్, బాయిలర్ గది మనిషి, డెబ్భై ఏళ్ళవాడు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వంగాడు.

"ఆగాగు అందగాడా. అల్జీర్స్ ముందు రోజేనా? వేడినీళ్ళు అవగొట్టింది నువ్వా?"

"నేనే."

"ముప్పయ్యేళ్ళుగా వంటవాణ్ణి తిట్టుకుంటున్నానయ్యా! వాడి అంత్యక్రియలకు కూడా పోలేదు!"

గది విరగబడి నవ్వింది. పెర్సీ మాత్రం నవ్వలేదు. కనుబొమలు ముడిచి ఎక్కడో వెతుక్కుంటున్నాడు.

"గుక్కా?" అన్నాడు. "నువ్విచ్చావా? ఏమోరా, గుర్తులేదు. నేనే తొందరగా వచ్చాననుకున్నాను. నాకు అలవాటు కదా."

"అలవాటా?" సిరిల్ అరిచాడు. "నువ్వు ఏనాడు ముందొచ్చావురా? ఒక్కరోజు చెప్పు! అది నీ అలవాటు కాదు, నా రమ్ము!"

"సరేలేరా. అంతగా అయితే ఇద్దరి పేర్లూ రాయి."

"రాయను."

జేగో వచ్చి సిరిల్ చెయ్యి పట్టుకుని ఊపాడు, ఇంత నిజాయితీ తాను చూడలేదన్నాడు. సిరిల్ చెయ్యి లాక్కుని టోపీ తీసుకున్నాడు. ఐవీ వెంట నడిచింది. ఇంటి తలుపు తాళం తీస్తూ, "అంత మంది ముందు గుక్కెడు రమ్ము గురించి అరవాలా?" అంది. "వాడు మర్చిపోయాడు" అన్నాడు ఆయన. "ఆ గుక్క వాడికి గుర్తే లేదు."

మంగళవారం పనిశాలకు పెర్సీ వచ్చాడు. చేతిలో కాగితం సంచి, అందులో కుంకుమపువ్వు బన్నులు. బోర్డు గోడకు ఆనించి ఉంది. పది వరసలు పూర్తయ్యాయి. ఏడో దాని కింద సిరిల్ స్టూలు మీద కూర్చుని, ఊతకర్ర మీద మణికట్టు ఆనించి, చివరి అక్షరాలు దిద్దుతున్నాడు.

పెర్సీ కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. పేరుకు ముందు 'ఏబుల్ సీమన్' అన్న హోదా హాయిగా, వెడల్పుగా ఉంది. వరస చివర 'నవంబర్ 1942' కూడా అంతే. రెంటికీ అప్పటికే బంగారం అద్ది మెరుగు పెట్టి ఉంది. మధ్యలో తన ఇంటిపేరు అక్షరాలు మాత్రం బస్సులో నిలబడ్డ జనంలా ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

"ఈ రెండు చివర్లూ ఎప్పుడు రాశావు?" అన్నాడు.

"శుక్రవారం."

సంఘం కూడింది ఆదివారం. పెర్సీ తలెత్తి సిరిల్ ఇంటిపేరుకు ఇంగ్లీషులో ఎన్ని అక్షరాలో వేళ్ళ మీద లెక్కపెట్టుకోవడం సిరిల్ కంటి కొసనుంచి చూశాడు. ఎనిమిది. తర్వాత తన ఇంటిపేరులోవి. తొమ్మిది.

"నా పేరు కొంచెం ఇరుకుగా లేదూ?" అన్నాడు పెర్సీ మెల్లగా.

సిరిల్ కుంచె కొన నాలిక మీద పెట్టి సన్నం చేసుకున్నాడు.

"ఇరుకే మరి," అన్నాడు. "పక్కకు జరుగు. వెలుతురుకి అడ్డం."