నత్తగుల్ల పంపిన పాటలు

బట్టలు ఉతికి ఇస్త్రీ చేసిచ్చే షాపులో కౌంటరు దగ్గర కూర్చునే ఆవిణ్ణి అందరూ సీఐడీ అనేవాళ్ళు. ఉతకడానికి వచ్చిన ప్రతి కోటు జేబూ తిరగేసి చూడటం ఆవిడ పని. పన్నెండేళ్ళు అదే పని చేస్తే మనుషుల్ని కూడా జేబుల్లాగే చూడటం అలవాటైపోతుంది.

ఆవిడకున్న సరదా ఒక్కటే, వీడియో గేముల సంగీతం. ఆటలు ఆడటం మాత్రం రాదు. ఒకసారి చెల్లెలింట్లో మరిది ఏదో ఆడుతుంటే వెనకాల వినిపించిన పియానో ఆవిణ్ణి పట్టుకుని వదల్లేదు. ఆ పిచ్చితోనే ఫోన్లో ఒక గ్రూపులో చేరింది. ఊరూ పేరూ తెలియనివాళ్ళు అక్కడ తమకి నచ్చిన ట్యూన్లు పంచుకుంటారు. నత్తగుల్ల అని పేరు పెట్టుకున్న ఒకాయన ఆవిడకి విడిగా కూడా పంపేవాడు. ఒకరోజు మంచుగుహల ఆటలోది, ఇంకోరోజు ఎక్కడో ఎడారిలో ఆడవాళ్ళు చప్పట్లు కొడుతూ పాడేది.

"ఊరికే ఎవరైనా ఇన్ని పంపుతారా? ముందు పాట, తర్వాత ఫొటో, ఆ తర్వాత అడ్రసు. చూస్తూ ఉండు" అంది చెల్లెలు.

రెండేళ్ళయినా ఆయన ఏమీ అడగలేదు. దాంతో ఆవిడ అనుమానం ఇంకా ముదిరింది.

ఒక బుధవారం షాపులో ఆవిరి గొట్టం తగిలి ఆవిడ చెయ్యి కాస్త కాలింది. ఎవరికీ చెప్పకుండా మందు రాసుకుంది. సాయంత్రం నత్తగుల్ల నుంచి నెమ్మదిగా సాగే తంత్రుల వాద్యమొకటి వచ్చింది. కింద, "చేతికి పని చెప్పకుండా వినండి" అని ఉంది.

చెయ్యి కాలిన సంగతి షాపులో ఉన్నవాళ్ళకి తప్ప ఇంకెవరికీ తెలిసే వీల్లేదు.

ఆరోజు షాపులో ఉన్నది ఓనరు, బట్టలు ఇళ్ళకి చేర్చే అతను, వెనక గదిలో ఇస్త్రీ మాస్టారు. ఆవిడ నత్తగుల్లకి ఒక్క ముక్క రాసింది: "రేపు పనికి రావట్లేదు." మర్నాడు అందరికంటే ముందే వచ్చి కూర్చుంది. ఓనరు తలెత్తకుండా లోపలికి వెళ్ళిపోయాడు. ఇళ్ళకి చేర్చే అతను మూటలు ఎత్తుకుపోయాడు. ఇస్త్రీ మాస్టారు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అదేంటండీ, ఇవాళ రానన్నారుగా" అని, వెంటనే నాలిక కరుచుకున్నాడు.

"ఎన్నాళ్ళుగా తెలుసు?"

"ఆర్నెల్లు. నేను పంపిన ట్యూను మీరిక్కడ కూనిరాగం తీశారు. అప్పుడు తెలిసింది. చెబితే వినడం మానేస్తారని..."

"మాటలు దాచి పాటలు పంపితే ఎవరు నమ్ముతారు మాస్టారూ?"

తొమ్మిదేళ్ళుగా ఒకే కప్పు కింద పనిచేస్తున్నా ఇద్దరూ పట్టుమని పది మాటలు మాట్లాడుకున్నది లేదు. ఆవిడ గ్రూపు వదిలేసింది. నెల్లాళ్ళు ఆయనవైపు చూడలేదు.

చివరికి ఒక మధ్యాహ్నం తనే వెనక గది తలుపు బార్లా తెరిచి, కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఏదైనా ఉంటే అందరికీ వినపడేట్టు పెట్టండి" అంది. ఆయన పడవవాళ్ళ పాట పెట్టాడు. అది ఏ దేశానిదో కూడా చెప్పాడు.

ఆవిడ తలూపింది. కౌంటరు దగ్గరికి తిరిగొచ్చాక, ఆయన చెప్పింది నిజమో కాదో ఫోన్లో వెతికి చూసుకుంది. నిజమే.