మల్లికార్జునరావు గారి మిడిల్స్‌బ్రో

మల్లికార్జునరావు గారికి బీపీ లేదు, షుగర్ లేదు. ఉన్న జబ్బల్లా ఒక్కటే, దాని పేరు మిడిల్స్‌బ్రో. ఇంగ్లండులో ఈశాన్యాన, టీస్ నది ఒడ్డున, ఇనుము కరిగించి బతికిన ఊరు అది. కుర్రతనంలో అక్కడ ఎమ్మెస్సీ చదివి, కొన్నాళ్లుండి, అమెరికా వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఇల్లు కొన్నారు, సిటిజన్ అయ్యారు, కూతుర్ని కాలేజీలో చేర్చారు. అయినా సరే, పక్కవాళ్లు మాట ఎక్కడ మొదలుపెట్టినా ఆయన దాన్ని చెయ్యి పట్టుకుని టీస్ ఒడ్డుకు తీసుకెళ్లి కూర్చోబెట్టేవారు.

ఆయన ఇంటి వెనక ఒక చెరువుంది. మధ్యలో ఫౌంటెన్, చుట్టూ నడిచేవాళ్లకు సిమెంటు బాట. ఆదివారం పొద్దున కాఫీ కప్పుతో దాని ముందు నిలబడి నిట్టూర్చేవారు.

"అనూ, దీన్ని వాటర్‌ఫ్రంట్ అన్నాడు ఇల్లమ్మిన ఆ రియల్టర్. నీళ్లన్నాక ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా!"

"పోతే కాలనీ హెచ్ఓఏ వాళ్లు నోటీసు పంపిస్తారు. లోపలికి రండి," అనేది భార్య అనురాధ.

"మా టీస్ అయితే..."

"ఇడ్లీలు చల్లారిపోతున్నాయి."

ఫ్రిస్కో మీద ఆయన ఫిర్యాదు చాలా పాతది. ఊరు మరీ కొత్తది. "ఈ వీధి మొత్తంలో వయసులో పెద్దది మా ఫ్రిజ్," అనేవారు. "మిడిల్స్‌బ్రోలో ప్రతి ఇటుకకీ మసి ఉంటుందండీ. ముట్టుకుంటే చేతికి చరిత్ర అంటుతుంది." విన్నవాళ్లు చేతులు తుడుచుకుని లేచిపోయేవారు.

దీనికి మందు కనిపెడతానని బయల్దేరినవాడు చైతన్య. ఆయనకు రెండు వీధుల అవతల ఉంటాడు, వృత్తి డేటా అనలిస్టు. "అన్నయ్య ఊరికే మొదలుపెట్టరు. ఏదో ఒక మాట ట్రిగ్గర్ చేస్తుంది. ఆ మాటలేంటో పట్టుకుంటే చాలు," అని సిద్ధాంతం చేశాడు. ఆయనొక్కర్నీ వదిలేసి 'నో బ్రిడ్జ్' అని వాట్సాప్ గ్రూపు వెలిసింది. నది, వంతెన, ఇనుము, బొగ్గు, చీజ్ నిషేధం. చీజ్ ఎందుకంటే ఆ ఊళ్లో కోడిమాంసాన్ని పలచగా కొట్టి, వేయించి, తెల్ల సాసూ చీజూ పోసి 'పార్మో' అని తింటారు. దాని వర్ణన మొదలైతే ఎదుటివాడి పిజ్జా రాయైపోయేది. కొన్నాళ్లకు జనం ఎంత జాగ్రత్తపడ్డారంటే, వాన పడుతుంటే "బయట వెదర్ జరుగుతోంది" అనేవారు. వరంగల్ పిల్ల రేణు "ఆ స్టీల్ గిన్నె ఇటియ్యి" అనబోయి, నాలుక కరుచుకుని, "ఆ తెల్లగ మెరిసేది ఇటియ్యి" అంది.

అయినా ఆయన ఆగలేదు. ఒక బార్బెక్యూలో కనకదుర్గ గారు ఫణి అనే కుర్రాణ్ణి పట్టుకున్నారు. ఆవిడకు పదిమంది బాగోగులూ కావాలి. ఎవరి గ్రీన్‌కార్డు ఎంతవరకు వచ్చిందో, ఎవరి కడుపు ఎప్పుడు పండుతుందో తెలుసుకోందే ఆవిడకు అన్నం సయించదు.

"హెచ్‌వన్ వీసా లాటరీలో ఈసారైనా పేరు వచ్చిందా బాబూ?"

ఫణి చేతిలో బర్గర్ ఆగిపోయింది. వెంటనే అవతలి కుర్చీలోంచి, "లాటరీ అంటే గుర్తొచ్చిందండోయ్! మిడిల్స్‌బ్రో అంటే మొదట్లో నాలుగు పొలాల కొంపలు. బొగ్గు ఓడలకి రేవు కావాలని కొందరు ఆ పొలం కొన్నారు. తర్వాత చూస్తే పక్క కొండల్లో ఇనప రాయి..." అని మల్లికార్జునరావు గారు అందుకున్నారు. కొండల్లోంచి రాయి దిగి కొలిమిలోకి వెళ్లేసరికి కనకదుర్గ గారు ఐస్‌క్రీమ్ దగ్గరికి పారిపోయారు. చైతన్య ఫోన్ తీసి నిషేధాల్లో 'లాటరీ' చేర్చాడు.

ఆ ఏడాది చైతన్య ఇంట్లోనే పిడుగు పడింది. అతని భార్య స్పందన ఉద్యోగం పోయింది. చైతన్య వీసా ఆమె వీసా మీద ఆధారపడింది, కాబట్టి ఆమెకు తొందరగా ఇంకో ఉద్యోగం రాకపోతే ఇద్దరూ పెట్టెలు సర్దుకోవాల్సిందే. స్పందన ఎవరికీ చెప్పలేదు. చెబితే జాలిపడతారు, జాలి అయ్యాక సలహాలు, సలహాలయ్యాక వరసగా ఫోన్లు. పదిమందిలో ఎవరైనా అడిగితే ఏడ్చేస్తానని ఆమె భయం. అందుకే రేణు ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి రానంది.

"వెళ్లకపోతే ఇంకా డౌట్ వస్తుంది," అన్నాడు చైతన్య. సరేనని పట్టుచీర కట్టుకుని, మొహానికి నవ్వు తగిలించుకుని వెళ్లింది.

ప్రసాదం దాకా అంతా సవ్యంగానే నడిచింది. భోజనాల దగ్గర కనకదుర్గ గారు ప్లేటుతో వచ్చి పక్కనే కూర్చున్నారు.

"ఏమ్మా స్పందనా, మీ కంపెనీలో లేఆఫ్స్ అంట కదా? నీ టీమ్ సేఫేనా?"

స్పందన గొంతులో ముద్ద అడ్డంపడింది. నవ్వు ఇంకా పెదాల మీదే ఉంది గానీ కళ్లు మాట వినేలా లేవు.

"సేఫ్టీ అంటే చెప్పాలి దుర్గ గారూ!" ఎదురుగా మల్లికార్జునరావు గారు చెంచా ఎత్తారు. "మా ఊళ్లో ఒక బ్రిడ్జి ఉంది. మనం దాని మీద నడవం. ఎత్తుగా ఇనప దూలం, దానికి తీగలతో వేలాడే బల్ల. కార్లూ మనుషులూ ఎక్కి నిలబడితే ఆ బల్లే నది దాటిస్తుంది!"

"అబ్బా, మొదలయ్యిందిరా," అన్నారెవరో. చైతన్య ఫోన్ తీశాడు.

"అది కాదండీ, స్పందనా, నీ టీమ్..."

"సిడ్నీలో పెద్ద బ్రిడ్జి ఉంది చూశారా, దాని ఉక్కు ఎక్కడిదనుకుంటున్నారు?"

కనకదుర్గ గారు పులిహోర వంకతో లేచిపోయారు. స్పందన నీళ్లు తాగింది. గ్లాసు మీదుగా ఆయన వైపు చూసింది. బ్రిడ్జి గురించి చెప్పే మనిషి చూపు బ్రిడ్జి మీద ఉండాలి కదా, ఆయన చూపు ఆమె ప్లేటు మీద ఉంది. ముద్ద దిగిందా లేదా అని చూస్తున్నారు. అప్పుడు ఆమెకు ఫణి గుర్తొచ్చాడు. పోయిన ఏడు "పిల్లల సంగతేంటి?" అని ఎవరో అడిగితే వాళ్ల స్నేహితురాలు రష్మి తల దించుకున్నప్పుడు, కెప్టెన్ కుక్ పుట్టింది ఆ ఊరి దగ్గరేనంటూ ఈయన అడ్డొచ్చి అందరి చేతా తిట్లు తినడం గుర్తొచ్చింది. ఈయన్ని కదిలించేది మాటలు కావు, ప్రశ్నలు.

మంచినీళ్ల సీసాల కోసం ఆయన గ్యారేజీలోకి వెళితే ఆమె వెనకే వెళ్లింది.

"అన్నయ్యా, నా జాబ్ పోయిందని మీకు తెలుసా?"

"తెలీదమ్మా. నీ మొహం కనబడింది, అంతే."

"అందరూ మిమ్మల్ని బోర్ అంటారు."

"అంటున్నారంటే పని జరుగుతోందన్నమాట. గ్రూప్ సంగతి కూడా తెలుసు. మీ వదినే కదా అడ్మిన్!"

స్పందన నవ్వేసింది. నవ్వులోనే ఏడుపు కూడా వచ్చింది. ఆయన సీసాల పెట్టె కింద పెట్టారు.

"చదువయ్యాక అక్కడ ఒక చలికాలమంతా నాకు పని దొరకలేదు. మేవిస్ అని ఒకావిడ ఇంట్లో గది తీసుకున్నా. అద్దెకుండే వాళ్లందరం ఒకే టేబుల్ దగ్గర తినేవాళ్లం. ఎవరో ఒకరు, ఇంకా ఏమీ దొరకలేదా అని అడిగేవారు. వెంటనే మేవిస్ ఊరి చరిత్ర ఎత్తుకునేది. వాళ్లాయనకి స్టీలు ఫ్యాక్టరీలో పని పోయింది, ఆవిడకి ఆ ప్రశ్న బాధ తెలుసు. నాకు ఆ ఊరి చరిత్ర ఇంత బాగా వచ్చిందంటే, నేనెంత కాలం ఖాళీగా ఉన్నానో చూసుకో."

స్పందన కళ్లు తుడుచుకుని లోపలికి నడిచింది. తిన్నగా కనకదుర్గ గారి దగ్గరికి వెళ్లి, "నా టీమ్ మొత్తం పోయింది ఆంటీ. నేను కూడా వెతుక్కుంటున్నా," అంది. ఏడుపు రాలేదు.

"అయ్యో పిచ్చిదానా!" కనకదుర్గ గారు ప్లేటు పక్కన పెట్టి ఆమె చెయ్యి పట్టుకున్నారు. "ఇందుకే కదటే నేను అడిగేది! చెబితేనే కదా, ఎవరికైనా చెప్పగలిగేది!"

"నాకు ముందే చెప్పొద్దా?" రేణు కోప్పడింది. "మా టీమ్ల ఓపెనింగ్ ఉంది. రెజ్యూమె పంపు, ఇయ్యాల్నే రిఫర్ చేస్త."

ఆమె చుట్టూ జనం మూగడం చూసి మల్లికార్జునరావు గారు సీసాలతో పరుగున వచ్చి, "అసలు ఆ కొలిమిల వెలుగుకి రాత్రి ఆకాశం..." అని మొదలుపెట్టారు.

"అన్నయ్యా, అక్కర్లేదు. చెప్పేశాను."

ఆయన సీసాలు కింద పెట్టేశారు. అప్పటికప్పుడు ఉద్యోగం పోయినవాడిలా కనిపించారు.

"కానీ ఇప్పుడు చెప్పండి," అంది స్పందన కుర్చీ జరిపి. "ఈసారి నాకోసం కాదు. నిజంగా వింటా."

ఆయన్ని అలా ఎవరూ అడగలేదు. కూర్చున్నారు. తేదీలు రాలేదు, ఓడలు రాలేదు.

"సాయంత్రం ఆ బల్ల ఎక్కేవాణ్ణి," అన్నారు చివరికి. "అవతల నాకేం పనుందని? ఊరికే వెళ్లి ఊరికే వచ్చేవాణ్ణి. నీళ్ల వాసన, మసి వాసన, చలిగాలి. పక్కవాడు వాతావరణం గురించి రెండు ముక్కలు మాట్లాడి దిగిపోయేవాడు. ఇప్పుడది నడవట్లేదట, ఆపేశారట. ఆ ఊరి మీద నాకు చాలా బెంగండీ. ఇరవై ఏళ్లయినా తగ్గలేదు."

గదిలో ఎవరూ లేవలేదు. చైతన్య ఫోన్ జేబులో పెట్టేశాడు.

"అంత బెంగైతే ఒకసారి వెళ్లి రావచ్చు కదండీ?" కనకదుర్గ గారు ప్రేమగానే అడిగారు. "ఎందుకు వెళ్లలేదు ఇన్నేళ్లూ?"

మల్లికార్జునరావు గారి చేతిలో సీసా మూత ఆగిపోయింది. మేవిస్ పోయింది. ఆ వీధిలో ఆయన్ని చూసి పలకరించేవాళ్లు ఒక్కరు కూడా మిగల్లేదు. వెళితే ఆ సంగతి నిజమైపోతుందని ఆయన భయం. పదిమందిలో ఎలా చెబుతారు? అనురాధ ఆయన వైపు చూసి చెంగు నలుపుకుంది.

"ఆంటీ!" అంది స్పందన గట్టిగా. "మా రాజమండ్రిలో పాత రైలు బ్రిడ్జి ఉంది, తెలుసా మీకు? రైళ్లు మానేసి చాలా ఏళ్లయింది గానీ, ఇంకా గోదావరి మీద అలాగే నిలబడి ఉంది..."

"ఇదొకటి తయారైందా!" గది మొత్తం మూలిగింది. కనకదుర్గ గారు నెత్తిన చెయ్యి పెట్టుకుని పాయసం దగ్గరికి బయల్దేరారు.

మల్లికార్జునరావు గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "మీ బ్రిడ్జికి ఎన్ని స్తంభాలమ్మా?" అని అడిగి, జవాబు కోసం నోరు మూసుకుని కూర్చున్నారు.