మెరుపు వద్దన్న బండి

పోయిన వారం మా అల్లుడు తన కొత్త కారుకు ఏదో పూత వేయించాలని బయల్దేరుతూ, ఇంట్లో ఊరికే కూర్చుని ఏం చేస్తారు మామా అని నన్ను కూడా ఎక్కించుకుని, అనంతపురంలో బళ్లారి రోడ్డు పక్కన కొత్తగా వెలిసిన, అద్దాల గోడలున్న ఒక షాపుకు తీసుకుపోయాడు. లోపల ఆపరేషన్ థియేటరులో ఉన్నంత వెలుతురు, చేతులకు నల్ల తొడుగులు వేసుకుని కార్ల చుట్టూ చప్పుడు లేకుండా తిరిగే పనివాళ్ళు, మాలాంటి వాళ్ళు కూర్చోవడానికి సోఫాలు, కాఫీ. అంతలో ఒకతను ఒక డబ్బా మూత తీశాడు. కొంచెం కిరోసిన్ లాగా, కొంచెం తేనెతుట్టె లాగా ఉండే ఆ వాసన ముక్కుకు తగలగానే నేను కాఫీ కప్పు కింద పెట్టి బయటికి వచ్చేశాను. ఏమైందని అల్లుడు అడిగితే గాలి ఆడలేదన్నాను. నిజానికి అది మంచి వాసనే. నాకు మాత్రం దాని వెంబడే నాటుబాంబుల మందు వాసన కూడా వస్తుంది. ఆ రెండింటినీ విడదీయడం ఇన్నేళ్ళయినా నా వల్ల కాలేదు.

తొంభైల చివరి సంవత్సరాల సంగతి. నేను ఒక దినపత్రిక జిల్లా ఆఫీసులో పనిచేస్తుండేవాణ్ణి. మా బావ, అంటే మా అక్క భర్త, బెంగుళూరులో ఒక గ్యారేజీలో కార్లకు పాలిష్ పట్టే పని నేర్చుకుని, అక్కడి చలి పడక తిరిగొచ్చి, టౌను చివర నాలుగు రాతి కూసాలు పాతి పైన రేకులు వేసి షెడ్డు పెట్టాడు. అసలు కార్లే తక్కువగా ఉన్న ఊళ్ళో, తాగడానికే నీళ్ళు లేని కరువులో, కార్లు కడిగే దుకాణం ఏమిటని బంధువులంతా నవ్వారు. మా అక్క నవ్వలేదు, ఏడవనూ లేదు. గోనెసంచులు కుట్టి షెడ్డుకు పడమటి వైపు తెరలు కట్టించింది, దుమ్ము లోపలికి కొట్టకుండా.

ఆ పని నేను ఎన్నో ఉదయాలు కూర్చుని చూశాను. టౌనులో బోరు నీళ్ళతో కడిగితే ఆరిన చోటల్లా తెల్లటి మరకలు పడేవి, ఫ్లోరైడు నీళ్ళు తాగి పెరిగిన మా తరం వాళ్ళ పళ్ళ మీద ఉన్నట్టు. అందుకని బావ పామిడి దాకా పోయి, ఎండిన పెన్నలో ఇసుక తవ్వి తీసిన చెలమ నీళ్ళను డ్రమ్ములకెత్తి టెంపోలో తెప్పించుకునేవాడు. ఆ నీళ్ళను పొదుపుగా, గిన్నెతో తలంటి పోసినట్టు పోసేవాడు. ఇసుక రేణువు ఒక్కటి మిగిలినా పెయింటు మీద గీత పడుతుందని వేలికొసలతో తడిమి తడిమి చూసేవాడు. తర్వాత కాంపౌండు అనే గరుకు ముద్ద రుద్ది పాత గీతలు పోగొట్టి, అప్పుడు వ్యాక్సు, అంటే ఒక రకం మైనం, పాత పంచె గుడ్డతో చిన్న చిన్న సున్నాలు చుడుతూ పూసేవాడు. అది పొగమంచు పట్టినట్టు మసకబారేదాకా బీడీ ముట్టించుకుని కూర్చునేవాడు. ఆ తర్వాత మెత్తటి గుడ్డతో ఒక్కసారి తుడిస్తే ఆ మసక కింద నుంచి మెరుపు లోతుగా, బావిలో నీళ్ళలాగా బయటపడేది. ఎండలో ఎందుకు చేయవని అడిగితే, "ఎండలో పూస్తే ముద్దలు కడతాదప్పా, నాటకంలో రాజు మొగానికి రంగు కారినట్ల" అనేవాడు.

అయితే ఆ రోజుల్లో మా జిల్లాలో కార్లు ఎవరివి? డాక్టర్లవి కొన్ని, వ్యాపారస్తులవి కొన్ని. తక్కినవన్నీ ఊళ్ళను రెండుగా చీల్చుకుని పాలించే పెద్దలవి. ఆ కాలం మనవాళ్ళకు చెప్పనక్కరలేదు. పొద్దున ఆఫీసుకు పోగానే మేం ముందు అడిగే ప్రశ్న రాత్రి ఎవరు పోయారని. గాజుపెంకులూ మేకులూ కలిపి చుట్టిన బాంబులు, గడ్డివాముల్లో దాచిన వేటకొడవళ్ళు, సాక్ష్యం చెప్పేవాడు లేక కొట్టేసిన కేసులు, వీటి గురించి రాసీ రాసీ మా చేతులు కూడా మొద్దుబారిపోయాయి. మా బావ షెడ్డుకు వచ్చే బండ్ల సీట్ల కింద ఏమున్నాయో ఆయనకు తెలుసు. అక్కడ ఊడ్చేటప్పుడు చూపు పక్కకు తిప్పుకునేవాడు.

కణేకల్ వైపు ఒక ఊరి పెద్దాయనకు మూడు సుమోలుండేవి. మూడూ తెల్లవే, మూడింటికీ ఒకే రకం నీలం తెరలు, నంబర్లు కనబడకుండా ఒకే రకంగా పులిమిన మట్టి. ఆయన ఎక్కడికి పోయినా మూడూ కలిసే పోయేవి. ఏ బండిలో కూర్చుంటాడో తలుపు తీసేదాకా డ్రైవర్లకు కూడా తెలిసేది కాదు. చంపాలని కాచుకున్నవాడికి మూడు బండ్లు కనిపిస్తాయి గానీ మనిషి కనిపించడు. ఆ కాలంలో మా పెద్దలందరూ ప్రాణం కాపాడుకునే పద్ధతి అది. మా బావకు ఆయన మొదటి రోజే ఒక షరతు పెట్టాడు.

"మెరుపు మాత్రం వద్దప్పా. కడుగు, అంతే. మూడూ ఒగటే తీరుగ ఉండల్ల."

బావ ఊరుకోకుండా, "వట్టిగ కడిగితే సాలదన్నా, ఈ ఎండకు పెయింటు సచ్చిపోతాది" అన్నాడు.

"పెయింటు సస్తే సావనీ. నేను సావగూడదు గదా."

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఆయన నవ్వలేదు.

బండ్ల బాధ్యత ఆయన బామ్మర్దిది, అంటే ఆయన భార్య తమ్ముడిది. ముప్పై ఏళ్ళు కూడా నిండని సరదా మనిషి. షెడ్డుకు వస్తే మా అక్క చేతి టీ తాగకుండా పోయేవాడు కాదు. ఒకనాడు అతను ఒక్క బండిని మాత్రమే తీసుకొచ్చాడు.

"ఏమన్నా, ఎల్లుండి మా యక్క గోరంట్లకు పెండ్లికి పోతాంది, మా పుట్టింటి పెండ్లి. దీన్ని మెరిపీ. మా వాళ్ళు బండిని సూసి మా యక్క నగలు సూసేది మర్సిపోవల్ల."

పెద్దాయనకు తెలుసునా అని బావ అడిగాడట.

"మా బావకు నేను సెప్పుకుంటాలే. పెండ్లి అయినంక దుమ్ములో ఒక సుట్టు తిప్పితే మల్లా పాతబండే."

"నా పాలిషు అట్ల దుమ్ముకు పోయేది కాదు."

"పోకుంటే ఇంకా మంచిది. కానీ, కానీ."

ఆ బండికి బావ పెట్టినంత పని మరి దేనికీ పెట్టగా నేను చూడలేదు. చాలాకాలంగా పెద్దాయన వద్దు వద్దంటూ వచ్చిన పెయింటు చివరికి చేతికి దొరికిందన్న కసి ఏదో ఆయనలో ఉన్నట్టుంది. పూత మీద పూత వేసి, ఆరబెట్టి, తుడిచి, మళ్ళీ వేశాడు. చివరికి తలుపు మీద చేయి పెడితే చేయి నిలవలేదు, జారిపోయింది. బామ్మర్ది వచ్చి బానెట్టులో మీసం దువ్వుకుని, "మా యక్క దీంట్లోనుంచి దిగనంటాదేమో పో" అని నవ్వుతూ తోలుకుపోయాడు. ఆ మనిషిని ప్రాణాలతో నేను చూడడం అదే ఆఖరు.

పెండ్లి బాగానే జరిగింది. తిరిగి రాగానే అతను అన్నట్టుగానే బండిని దుమ్ములో తిప్పాడు. కానీ ఎర్రదుమ్ము ఆ వ్యాక్సు మీద నిలవలేదు, పడ్డది పడ్డట్టే జారిపోయింది. నాలుగు రోజులైతే అదే మాసిపోతుందని అనుకున్నాడేమో. ఆ నాలుగు రోజులు దొరకలేదు. మరుసటి ఉదయమే బళ్లారిలో దగ్గరి బంధువు పోయాడని కబురొస్తే పెద్దాయన మూడు బండ్లూ తీయించాడు. హడావుడిలో ఆయన బండ్ల వైపు కూడా సరిగా చూడకుండా వెనక బండి ఎక్కి కూర్చున్నాడు. మెరిసే బండి మధ్యన పడింది. దాంట్లో బామ్మర్ది, డ్రైవరు.

ఊరు దాటి ఎండిన వంకలోకి దిగి బండ్లు నెమ్మదించే చోట ఎదుటి వర్గం కాచుకుని ఉంది. మట్టికొట్టుకున్న రెండు బండ్ల నడుమ పొద్దుటి ఎండలో అద్దంలా మెరిసే బండి ఒకటి వస్తే, పెద్దాయన ఏ బండిలో ఉన్నాడో వాళ్ళకు ఒకరు చెప్పాలా? బాంబులన్నీ దాని మీదే వేశారు. డ్రైవరు సీట్లోనే పోయాడు. తక్కిన రెండింటికీ గీత కూడా పడలేదు. బాంబులకు చావని బామ్మర్ది తలుపు తోసుకుని కిందికి పడితే, పొగలో మొహం కూడా చూడకుండా కొడవళ్ళతో నరికారు. పెద్దాయన బండి వెనక్కి తిరిగి ఊళ్ళోకి పరుగెత్తింది.

నేను చేరేసరికి పోలీసులు బండి చుట్టూ తాడు కడుతున్నారు. నీలం తెరలు నెత్తుటికి నల్లగా మారి సీట్లకు అంటుకుపోయాయి. వంక ఇసుకలో ఒక చెప్పు, కొంచెం దూరంలో చేతి గడియారం ఉన్న చేయి. పైకప్పు చీలిపోయి, అద్దాలు లేక, ఒక పక్క మసిబారి ఉన్నా, రెండో పక్క తలుపు మాత్రం ఇంకా మెరుస్తూనే ఉంది. దాంట్లో నిలువెత్తు మనిషి కనిపిస్తున్నాడు. అది నేనేనని తెలియడానికి క్షణం పట్టింది. ఆ పని ఎవరి చేతిదో మాత్రం వెంటనే తెలిసింది. వార్త ఎట్లా రాశానో గుర్తులేదు. మెరుపు సంగతి రాయలేదు.

మరునాడు ఉదయం షెడ్డులోంచి మా బావను పెద్దాయన మనుషులు ఎత్తుకుపోయారు. అక్క ఆఫీసుకు పరుగెత్తుకొచ్చింది. ఏడుపు లేదు, "పా" అన్నది అంతే. పోలీసులకు చెబుదామంటే, వాళ్ళు పోయేలోపల మనిషి ఉండడన్నది. ఇద్దరం జీపు మాట్లాడుకుని ఆ ఊరికి పోయాము.

పెద్దాయన ఇంటి ముందు శవం ఉంది, ఆడవాళ్ళ ఏడుపు ఉంది. పక్కన బండ్లు నిలిపే దొడ్లో మా బావ ఉన్నాడు. మొహం పోల్చుకునేట్టు లేదు. కుడిచేతిని రాతి మీద పెట్టించి జాకీ రాడ్డుతో కొట్టారు, వేళ్ళు వేళ్ళలాగా లేవు.

"ఎవరు పూయమన్న్యార్రా? ఎవని దుడ్లు తిని గుర్తు పెట్టినావు?" అని పెద్దాయన అడుగుతున్నాడు.

"మీ బామ్మర్దే తెచ్చినాడన్నా, పెండ్లికని..."

"సచ్చినోని మీదికి తోస్తాండావా, నా కొడకా!"

చెప్పిన మాట నిజమే, కానీ ఆ నిజానికి సాక్షిగా ఉండవలసినవాడు బయట వాకిట్లో గుడ్డ కప్పుకుని పడుకున్నాడు. పెద్దాయన కుర్చీలో కదలకుండా కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, పత్రికలవాళ్ళకు ఈడ పనిలేదు, పో అన్నాడు. నేను పత్రికవాణ్ణిగా రాలేదు, ఈయన బామ్మర్దిగా వచ్చానన్నాను. ఆ మాటకు ఒకసారి తలెత్తి చూసి, కొడవలి పట్టుకున్నవాడికి ఏదో సైగ చేయబోయాడు. మా అక్క పోయి బావ మీద అడ్డం పడింది.

అప్పుడు వాకిట్లో ఏడుపు ఆగిపోయింది. పెద్దాయన భార్య జుట్టు విరబోసుకుని, తమ్ముడి దగ్గర నుంచి లేచి దొడ్లోకి వచ్చింది. మగవాళ్ళ నడుమకు ఆమె వచ్చి నిలబడడం ఆ ఇంట్లో అదే మొదటిసారి అని తర్వాత విన్నాను.

"వాన్ని ఇడ్సండి. మెరిపీమన్నది నేను."

కొడవలి పట్టుకున్నవాడు పెద్దాయన వైపు చూశాడు.

"మా పుట్టింటోళ్ళ ముందర బురదబండి దిగలేక, నా తమ్మునికి నేనే సెప్పినా. నీకు సెప్పొద్దన్నదీ నేనే. సంపితే నన్ను సంపు."

ఆయన కుర్చీలోంచి ముందుకు వంగి భార్య మొహంలోకి చూశాడు. ఆమె కన్ను తిప్పలేదు. ఆమె ఆ మాట అనకుండా ఉండివుంటే తమ్ముడి చావు ఒక కూలిపనివాడి ద్రోహంగా మిగిలిపోయేది, ఆమె దుఃఖానికి ఒక శత్రువు దొరికేవాడు. ఇప్పుడు అందరి ముందూ ఆ భారాన్ని తన నెత్తికెత్తుకుని, మళ్ళీ తమ్ముడి తల దగ్గరకు పోయి కూర్చుంది.

పెద్దాయన లేచాడు. క్షమాపణ అనేది ఆ మనుషులకు అలవాటు లేదు. మిగిలిన రెండు బండ్ల వైపు చేయి చూపించి, "కడిగి కడిగి వాటి మింద గూడ నీ చేతి నునుపు తెచ్చినావు. అది తీసేసి పో" అన్నాడు.

అట్లా మేం ముగ్గురం ఆ పగటి ఎండలో, ఇటుక పొడీ తడి ఇసుకా కలిపి ఆ రెండు బండ్లనూ రుద్దాము. బావ కుడిచేతిని అక్క తన కొంగు చించి మెడకు కట్టింది, ఆయన ఎడమచేత్తో రుద్దాడు. ఇసుక పెయింటు మీద గీసే చప్పుడు, పక్కన శవాన్ని ఎత్తే వాళ్ళ కేకలు. ఇంకా నునుపు తగులుతున్న చోట్లను ఆయనే వేలికొసలతో తడిమి మాకు చూపించాడు. దెబ్బలకు ఏడవని మనిషి అప్పుడు ఏడ్చాడు.

వేళ్ళు అతుక్కున్నాయి గానీ వంగలేదు. షెడ్డు రేకులు అమ్మేసి అక్కా బావా సోడాల దుకాణం పెట్టుకున్నారు. చాలా ఏళ్ళ తర్వాత, ఆ గొడవలన్నీ నరికేవాళ్ళు లేకనో నరకబడేవాళ్ళు లేకనో సద్దుమణిగాక, పామిడి బస్టాండులో ఆ పెద్దాయన భార్య కనిపించింది. తమ్ముడు పోయిన నాటి నుంచి ఆమె ఇంటి బండి ఎక్కలేదని, ఎక్కడికైనా బస్సులోనే పోతుందని అనేవారు. తల నెరిసిపోయింది. నన్ను గుర్తుపట్టి దగ్గరకొచ్చింది.

"మీ బావ ఉండాడా?"

"ఉండాడమ్మా."

"ఉండనీ" అని, బస్సు వస్తే ఎక్కి పోయింది.

ఇప్పుడు మన ఊళ్ళలో ఎవరైనా ఎదురైతే పిల్లలు ఏం చదువుతున్నారు, షుగరు ఎంతుంది, మోకాళ్ళు ఎట్లున్నాయి అని అడుగుతారు. మంచిదే, అట్లాగే అడగనీ. ఒక మనిషి ఉన్నాడా లేడా అన్నదే మొదటి ప్రశ్నగా బతికిన మనం మెల్లగా తగ్గిపోతున్నాం, ఆ ప్రశ్న మనతోనే పోతే అంతకంటే కావలసింది లేదు. ఆ రోజు బస్టాండులో నేను కూడా ఆమెను మర్యాదకు ఏదో ఒకటి అడగాలని నోరు తెరిచాను. ఉండాడా అని అడగడానికి ఆమెకు తమ్ముడు లేడు.