బాపు సైకిల్‌కు నేను పూసిన నీలిరంగు

అరలీటరు పెయింటు డబ్బాతో ఒక ఆడపిల్ల ఎంత విధ్వంసం చేయగలదో మీకు తెలియదు. నాకు తెలుసు. ఆ ఆడపిల్లను నేనే. నవ్వుకోండి, ఏమీ అనుకోను. మధ్యలో ఒకచోట నవ్వు ఆగిపోతే మాత్రం నన్ను తిట్టకండి, నాకూ అక్కడే ఆగింది.

అప్పటికి అమ్మ పోయి ఏడాది కావస్తోంది. ఉప్పుగూడలో మా రెండు గదుల ఇంట్లో నేనూ బాపూ మిగిలాం. రైల్వేలో పట్టాల పని చేసి రిటైరైన మనిషి, ముప్పై ఏళ్లు సైకిల్ దిగనివాడు, అమ్మ పోయాక దాన్ని గోడకు ఆనించి దుప్పటి కప్పేశాడు. రోజంతా గడపలో కూర్చునేవాడు. పిలిస్తే "ఆఁ" అనేవాడు. అంతే. సైకిల్ కొత్తదానిలా మెరిస్తే మళ్లీ ఎక్కి నలుగురిలో తిరుగుతాడని నాకో ఆలోచన వచ్చింది. నాకు ఆలోచన వచ్చిందంటే మా వీధిలో పిల్లులు కూడా గోడెక్కేస్తాయి.

బాపు మా మేనత్త ఇంటికి వెళ్లిన రోజే యాకుత్‌పురాలో పెయింట్ల దుకాణానికి పరుగెత్తాను. దుకాణం యూసుఫ్ భాయ్ నెమ్మదిగా చెప్పాడు.

"పహ్లే పాత రంగంతా గరుకు కాగితంతోని గీకాలె బేటా. తర్వాత ప్రైమర్ కొట్టి ఒక దినం ఎండనియ్యాలె. అప్పుడు రంగు. మళ్ల రెండు దినాలు ఎండాలె."

"గంత టైం లేదు భాయ్. రేపు పొద్దుమూకి మా బాపు వస్తడు."

"బేటా, నీ బాపు వస్తడని రంగుకు తెల్వదు."

నేను వింటానా? ఇంటికొచ్చి సైకిల్ గొట్టాలను గొర్రెకు బొచ్చు తీసినట్టు గీకాను. ఒక్క గీత లేకుండా, వేలు పెడితే జారేంత నున్నగా. ప్రైమర్‌ను పూర్తిగా వదిలేసి నీలిరంగును దోసెపిండిలా మందంగా పూశాను. సరిగ్గా అప్పుడే వాన. సైకిల్‌ను గదిలోకి లాగి, త్వరగా ఆరుతుందని ఫ్యాను ఫుల్లుగా తిప్పాను. మంచం మీద చిరుగుల పరుపు ఉందన్న సంగతి మరిచాను.

గంట తర్వాత చూస్తే పరుపులోని దూదంతా సైకిల్ మీద ఉంది. నీలిరంగు మేకపోతు నిలబడ్డట్టుంది! ఒక్కో పోగూ పీకాను, పీకిన చోటల్లా గుంట పడింది, గుంటలు కనబడకుండా ఇంకో పూత వేశాను. మీరు నన్ను ఆపడానికి అక్కడ లేరు కదా.

మర్నాడు సాయంత్రం బాపు వచ్చాడు.

"ఎవరిదే గీ సైకిల్?"

"మనదే బాపు! ఎట్లుంది?"

"నీళ్ల డ్రమ్ముకు చక్రాలు వెట్టినట్టుంది."

ఏడాది తర్వాత బాపు నోట ఒక పూర్తి వాక్యం! నా ఛాతీ ఉప్పొంగింది. బాపు దగ్గరికెళ్లి ముందు రాడ్డు కింద బొటనవేలితో తడిమాడు. మళ్లీ తడిమాడు.

"ఈడ గీతలుండె గదా."

"మస్తు గీకిన బాపు. ఒక్కటి గూడ ఉంచలే."

"మీ అమ్మ గాజుల గీతలే అవి," అన్నాడు బాపు. "పెండ్లయిన కొత్తల గీ రాడ్డు మీదనే కూసునేది. పడ్తనని గట్టిగ పట్టుకునేది."

బాపు ఆ రాడ్డును పిడికిట పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నేనూ నిలబడ్డాను. చాలాసేపటికి బాపు మెల్లగా అన్నాడు.

"బిడ్డా... చెయ్యి వస్తలేదు."

వెంటనే యూసుఫ్ భాయ్‌కు ఫోన్ చేశాను. "భాయ్, మా బాపు సైకిల్‌కు అతుక్కున్నడు!"

"క్యా?"

"రంగు ఎండలే భాయ్!"

"నేను చెప్పిన గదా! కొబ్బరినూనె పొయ్యి. గుంజకు!"

సీసాడు నూనె పోశాక చెయ్యి ఊడింది. దాంతోపాటు అరచేయంత రంగూ ఊడి ఇనుము బయటపడింది.

"జరంత రంగు మిగిలింది బాపు. గీడ పూస్తా."

"ఆ డబ్బా ముట్టినవంటే కాళ్లిరగ్గొడ్త!"

ఆ కేకకు పక్కింటివాళ్లు తొంగిచూశారు. నాకు ఏడుపొచ్చింది. బాపు అదే చేత్తో నా కళ్లు తుడిచాడు. వారం రోజులు నేను నీలిబుగ్గలతోనే ఆఫీసుకు వెళ్లాను.

బాపు సైకిల్ ఎక్కలేదు. కానీ ఆదివారాలు దాన్ని చేత్తో నడిపించుకుంటూ స్టేషన్ దాకా వెళ్లి వస్తున్నాడు. ఎక్కమని నేను అడగను.

కనుక పెయింటు డబ్బా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఈ ఇంట్లో దేన్నీ గీకను, తోమను, మెరిపించను. అంట్లు తప్ప. వాటినైనా బాపును అడిగాకే.