కరుణ నర్సు నెయిల్ కట్టర్

బొమ్మనహళ్ళిలోని ఒక చిన్న కాన్పుల ఆసుపత్రిలో నర్సు కరుణ ఐడీ కార్డు తాడుకు ఎప్పుడూ ఒక నెయిల్ కట్టర్ వేలాడుతూ ఉంటుంది. పొద్దున్నే బొటనవేళ్ల గోళ్లు మొదలంటా తీసుకుని, గరుకు మిగిలిందేమోనని చెంపకు ఆనించి చూసుకోవడం ఆమె అలవాటు. తొమ్మిదో నెల పడిన గార్మెంట్స్ పనివాళ్లకు పాఠం చెప్పడానికి ఆమె దగ్గరున్నది పసిపిల్లల టీషర్టు ఒక్కటే. దాని మెడలో రెండు బొటనవేళ్లు పెట్టి కిందికీ పక్కలకీ మెల్లగా సాగదీస్తుంది. “ఒక్కసారిగా తల దూరిస్తే కుట్టు తెగుద్ది కదమ్మా? కాన్పుదారి అంచూ అంతే. కొబ్బరినూనెతో వారానికి రెండుసార్లు ఇట్లా మర్దన చేసుకుంటే సాగడం అలవాటవుద్ది. గోరు మాత్రం తగలకూడదు.” మోచెయ్యి గురించి చెప్పినంత మామూలుగా చెబుతుంది, గొంతు తగ్గించదు.

మొన్న అంబిక అనే తొలిచూలు పిల్ల సిగ్గుతో తల వంచుకుంటే, పక్కనున్న అత్త పాపక్క లేచి నిలబడింది. “థూ, ఇదేం పాఠమమ్మా! మేము కనలేదా?” కరుణ వాదించలేదు. “మీకెన్ని కుట్లు పడ్డాయి పెద్దమ్మా?” అంది. పాపక్క కొంగు సర్దుకుంది. “ఎన్నో ఎవురు చెప్పిరి? నెల దినాలు సరిగ్గా కూర్చోలేకపోతి. ఎవురికి చెప్పుకునేది?” అంటూ కూర్చుంది. “అసలు చినగదని నేను మాటివ్వలేను. చినిగేది తగ్గొచ్చు,” అని కరుణ నెయిల్ కట్టర్‌ను స్పిరిట్‌తో తుడిచి అంబికకు చాపింది. దాన్ని పాపక్క అందుకుంది. కోడలి చెయ్యి ఒళ్లోకి లాక్కుని, బొటనవేలి గోరు తీసి, ఆ వేలిని తన చెంపకు రాసి చూసింది. “ఇంకా గరుకుగా ఉండాది,” అని మళ్లీ కత్తిరించింది.