వసపూసల తాడు

నిన్న మనవరాలు ప్లాస్టిక్ పూసల డబ్బా ముందేసుకొని నా చేతికి బ్రేస్‌లెట్ కట్టింది. "బిగుతుగా ఉందా అమ్మమ్మా?" అని అడిగింది. ఇంకా వదులు చెయ్యమన్నాను.

మన ఈడు వాళ్ళకు వసపూసలు గుర్తున్నాయా? వసకొమ్మును ముక్కలుగా కోసి, దబ్బనంతో తొలిచి, పసిపిల్లల చేతికి కట్టేవాళ్ళు. నోట్లో పెట్టుకొని ఆ ఘాటుకు మొహం చిట్లించేవాళ్ళం. అరవైయేళ్ళ కింద అమ్రాబాద్ దగ్గర మాది గొర్లమంద ఉన్న ఇల్లు. నాయిన తల్లి, మా అవ్వ, నల్లగొర్రె ఉన్ని వడికి తాడు చేసి, దిష్టికని మధ్యలో ఒక నీలిపూస గుచ్చేది. ఆ తాడు దానంతటదే తెగిపోవాలి తప్ప మనం తెంపకూడదు.

తమ్ముడు మల్లయ్యకు రెండేళ్ళు నిండకముందే జ్వరం పట్టుకుంది. అమ్మ మూడు రోజులు తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తూనే ఉంది. ఉన్నితాడు తడిసి తడిసి కుంచించుకుపోయి వాడి మణికట్టులో దిగబడింది.

"అవ్వా, తాడు కోసుకపోతాంది. తెంపుదాం" అన్నాను.

"తెంపొద్దు బిడ్డా. గిప్పుడు వాన్ని పట్టుకున్నది గదొక్కటే" అంది అవ్వ.

నాలుగోరోజు పొద్దున వాడు పోయాడు. స్నానం చేయించేటప్పుడు అవ్వే ఆ తాడును పంటితో కొరికి తెంపింది. పూసలు నేలమీద రాలాయి. ఎవరూ ఏరలేదు. మణికట్టు చుట్టూ పడ్డ గాడిని ఆమె బొటనవేలితో మెల్లగా రుద్దుతూ కూర్చుంది.

"జర వదులుగ కట్టకపోతిని కొడుకా" అంది.