పోతుపాదులు పీకేసిన ఏడాది

నా మొదటి ఉద్యోగం గోదావరి పడమటి గట్టున ఉన్న ఒక చిన్న ఊరి జూనియర్ కాలేజీలో. బోటనీ గెస్ట్ లెక్చరర్‌ని. పుట్టి పెరిగింది రాజమండ్రిలో, మూడో అంతస్తులో. ఎమ్మెస్సీలో మంచి మార్కులే వచ్చాయి గానీ, మా ఇంట్లో మట్టి అంటే బాల్కనీలో తులసికుండీలో ఉన్నదే. మొక్కల గురించి నాకు తెలిసిందంతా పుస్తకాల్లోంచి, ల్యాబ్‌లో ఎండబెట్టి అట్టలకు అంటించిన రెమ్మల్లోంచి వచ్చింది.

ఆ ఊళ్ళో ఒక రైతు ఇంట్లో మేడమీద గది అద్దెకు తీసుకున్నాను. ఇంటావిడకు యాభై దాటి ఉంటాయి. నేను పిన్నిగారు అనేదాన్ని, ఆవిడ భర్తను బాబాయిగారు అనేదాన్ని. ఆవిడ మాత్రం నన్ను మేడంగారూ అని పిలిచేది. తన కూతురికన్నా చిన్నదాన్ని, అలా పిలవకండి అని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. "పిల్లలకి పాఠం చెప్పేవారు, మేడంగారు కాకపోతే ఏంటండి?" అనేది.

బాబాయిగారికి వరిచేను. పిన్నిగారిది ఆగాకర పందిరి. ఇంటి వెనక, ఏటిగట్టుకి ఇవతల ఉన్న మెరక మీద, వెదురు గుంజలు పాతి, తీగలు లాగి, ఆవిడే స్వయంగా వేసుకున్న పందిరి అది. పాత చీరల అంచులు చింపి తీగల్ని కట్టేది. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో పాదు దగ్గర నిలబడి చూసేది. ఆ సీజన్‌లో ఊళ్ళో చాలా ఇళ్ళకు ఆగాకరకాయలు ఆ పందిరి నుంచే వెళ్ళేవి. కాయలు కోసిన రోజు నాకూ ఒక గిన్నెలో వేపుడు వచ్చేది. ఎమ్మెస్సీ రోజుల హాస్టల్ తిండికి అలవాటుపడ్డ నోటికి అది ఎలా ఉండేదో ఇప్పటికీ చెప్పలేను.

నేను చేరిన ఏడాది జులైలో వాళ్ళమ్మాయికి కాకినాడలో పురుడొచ్చింది. పది రోజులు వెళ్ళాల్సి వచ్చింది పిన్నిగారికి. నాట్లు పడుతున్న రోజులు. బాబాయిగారు పొద్దున్నే చేలోకి వెళ్తే సాయంత్రం గాని తిరిగి రారు. బయల్దేరే ముందు ఆవిడ నన్ను పందిరి దగ్గరికి తీసుకెళ్ళింది.

"సాయంత్రం పూట ఒకసారి చూడండి మేడంగారూ. కింద నీళ్ళు నిలబడితే కాలవలోకి తియ్యండి. ఎదిగిన కాయలు కోసి ఈయనకి చెప్పండి. అంతే."

అంతే చెప్పింది. నేను అంతకన్నా ఎక్కువ చేద్దామనుకున్నాను. అన్ని గిన్నెల వేపుడుకి బదులుగా, ఆవిడ తిరిగొచ్చేసరికి పందిరి అద్దంలా ఉండాలని నా ఆశ.

రెండో రోజో మూడో రోజో ఒక విషయం గమనించాను. పందిరికి ఆ చివర మూడు పాదులు బాగా బలిసి ఉన్నాయి. పసుపుపచ్చటి పువ్వులు విరగబూసి ఉన్నాయి. కాయ మాత్రం ఒక్కటీ లేదు. మిగతా పాదులన్నిటికీ పువ్వు వెనక ముళ్ళముళ్ళ బుల్లి పిందె కనిపిస్తోంది. ఈ మూడింటికీ పువ్వు కింద చిన్న ఆకు తొడుగులాంటిదే తప్ప పిందె జాడ లేదు. పైగా పక్క పాదుల మీదికి ఎగబాకి వాటికి ఎండ తగలకుండా చేస్తున్నాయి.

నాకు తెలిసిన శాస్త్రమంతా గుర్తుచేసుకున్నాను. ఇది గుమ్మడి కుటుంబం. ఆనప, బీర, గుమ్మడి, కాకర అన్నీ ఇందులోవే. వీటిలో మగపువ్వు, ఆడపువ్వు వేరువేరుగా ఉన్నా ఒకే పాదుకి పూస్తాయి. ద్విలింగాశ్రయి అని ఆ వారమే బోర్డు మీద రాసి, పిల్లలతో కాపీ చేయించాను. అలాంటి కుటుంబంలో పుట్టి మగపువ్వులు మాత్రమే పూస్తున్నాయంటే ఈ మూడు పాదుల్లో ఏదో లోపం ఉందన్నమాట. ఉత్తినే ఎరువు తింటున్నాయి. అలా తేల్చేశాను.

సాయంత్రం బాబాయిగారు కాళ్ళు కడుక్కుంటుంటే అడిగాను. "బాబాయిగారూ, ఆ చివరి మూడు పాదులు కాపుకి రావండి. తీసేస్తే మిగతావాటికి బలం వస్తుంది."

ఆయన అలిసిపోయి ఉన్నారు. "ఆయ్, మీరు చదువుకున్నోరు. మీకు తెలీందేముందండి? ఆ పందిరి సంగతి నాకేం తెలీదు, ఎలా బాగుంటే అలా చెయ్యండి" అన్నారు.

మర్నాడు ఆదివారం. మూడు పాదులూ మొదలంటా కోసేశాను. మళ్ళీ మొలవకూడదని దుంపలు కూడా తవ్వి కాలువలో పడేశాను. చేతులు బొబ్బలెక్కాయి. పొలంపని చేశానని అమ్మకి ఫోన్ చేసి గొప్పగా చెప్పుకున్నాను. పిన్నిగారు కాకినాడ నుంచి ఫోన్ చేసి పాదులెలా ఉన్నాయని అడిగితే, "శుభ్రంగా ఉన్నాయండి, వచ్చి చూద్దురుగాని" అన్నాను.

అప్పటికే పట్టిన కాయలు ఎదిగాయి. కొత్త పిందెలు మాత్రం రెండు మూడు రోజుల్లోనే పసుపురంగుకి తిరిగి రాలిపోవడం మొదలైంది. ముందు నీళ్ళు ఎక్కువయ్యాయేమో అనుకున్నాను. తర్వాత ఏదో తెగులనుకుని ఆకులు తిరగేసి చూశాను. రోజూ సాయంత్రం పందిరి కింద నేలంతా పసుపు తిరిగిన బుల్లి పిందెలు పడి ఉండేవి.

ఆ వారం క్లాసులో పువ్వుల లింగభేదం పాఠం మళ్ళీ చెప్తున్నాను. ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి, మూడో బెంచీలో కూర్చునేది, లేచి నిలబడింది.

"మేడం, దొండ కూడా ఈ కుటుంబమేనండి?"

"అవునమ్మా."

"మరి మా ఇంట్లో దొండపాదుకి మగపువ్వు ఎప్పుడూ చూళ్ళేదండి. పూసిన ప్రతి పువ్వు వెనకా కాయే ఉంటుంది."

చూసి చెప్తానన్నాను. గంట కొట్టగానే లైబ్రరీకి వెళ్ళి పెద్ద పుస్తకం తీశాను. దొండలో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. మనం ఇళ్ళలో కొమ్మలు గుచ్చి పెంచేవి ఆడ మొక్కలు, అవి మగపువ్వు తోడు లేకుండానే కాస్తాయి. ఆ పేరా కిందనే ఆగాకర ఉంది. అందులోనూ మగ, ఆడ మొక్కలు వేరువేరు. కానీ దానికి మాత్రం పుప్పొడి అందకపోతే కాయ నిలవదు.

పుస్తకం మూశాను. ఆ అర పక్కనే గోడకి తాడి, బొప్పాయి బొమ్మలున్న చార్టు వేలాడుతోంది. మగ, ఆడ మొక్కలు వేరుగా ఉండే ఏకలింగాశ్రయికి ఉదాహరణలు పరీక్షలో అడిగితే ఆ రెండు పేర్లూ రాసి ఫుల్ మార్కులు తెచ్చుకున్నదాన్ని. నా చేతులతో పందిరిలో ఉన్న మూడు మగపాదులనూ పీకి కాలువలో పడేశాను. కుటుంబం ఒకటైనంత మాత్రాన అందరి అలవాట్లూ ఒకటే అవుతాయనుకున్నాను.

ఫోన్‌లో చెప్పే ధైర్యం చాల్లేదు. పిన్నిగారు రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం బస్సులో వచ్చింది. సంచి అరుగు మీద పెట్టి, మంచినీళ్ళైనా తాగకుండా నేరుగా పందిరి దగ్గరికి నడిచింది. నేను వెనకే వెళ్ళాను. ఆవిడ వస్తుందని చేలోంచి ముందే ఇంటికొచ్చిన బాబాయిగారు కూడా వచ్చి నిలబడ్డారు. ఆవిడ కిందపడ్డ పిందెల్ని చూసింది. తలెత్తి ఆ చివర ఖాళీగా ఉన్న తీగల్ని చూసింది.

"ఏంటిది? గేదె గాని పడిందా?" అంది.

బాబాయిగారు గొంతు సవరించుకున్నారు. "నేనే తీయించాను. కాపుకి రావట్లేదు గదా అని..."

ఆ మాట పట్టుకుని నేను ఊరుకోవచ్చు. ఒక్క క్షణం ఊరుకున్నాను కూడా. కానీ ఆయన నా కోసం తల వంచుకుని నిలబడటం చూడలేకపోయాను.

"కాదండి పిన్నిగారూ. నేనే పీకేశాను. కాయలేదు కాబట్టి పనికిరానివనుకున్నాను. అవి మగపాదులని మొన్న పుస్తకంలో చూసేదాకా నాకు తెలీదు."

"మూడూనా?"

"మూడూనండి."

"దుంపలో?"

"కాలవలో పడేశానండి."

ఆవిడ కాలువ గట్టు మీద కూర్చుంది. "పోతుతాడి లేదేంటండీ లోకంలో? పోతుబొప్పాయి లేదేంటి?" అని మాత్రం అంది, నన్ను కాదు, నీళ్ళని అడుగుతున్నట్టు. తర్వాత లేచి ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం నేను కిందికి దిగలేదు. గది ఖాళీ చెయ్యమంటారని, సూట్‌కేసులో బట్టలు సర్దడం మొదలుపెట్టాను.

పొద్దున్న ఐదింటికి తలుపు చప్పుడైంది. పిన్నిగారు. తలకి తువ్వాలు చుట్టుకుని, చేతిలో స్టీలు టిఫిన్ డబ్బాతో ఉంది.

"మేడంగారూ, మీ స్కూటీ తియ్యండి. మా అక్క పందిరికి వెళ్దాం."

వాళ్ళక్క ఊరు పట్టిసీమ దారిలో, స్కూటీ మీద అరగంట. ఏటిగట్టు రోడ్డు మీద మంచు లేదు గానీ గోదారి గాలి చలిగా తగిలింది. క్షమించమని అడుగుదామనుకునేలోపే దారి అయిపోయింది.

ఆ ఊళ్ళో వాళ్ళక్క పందిరి కింద అప్పుడే పువ్వులు విచ్చుకుంటున్నాయి. పెద్దావిడ మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయింది. పిన్నిగారు కొన్ని పోతుపువ్వులు కావాలంది. "ఇంత పొద్దున్నే ఏంటే? పోతుపువ్వులా? నీ పందిట్లో మూడు పోతుపాదులుండాలి గదా, ఏమయ్యాయి?"

నేను తల దించుకున్నాను. పిన్నిగారు తడబడకుండా జవాబిచ్చింది.

"గేదె పడిందక్కా."

"ఎవరి గేదే?"

"ఎవరిదో. తోలేశాం."

తడిగుడ్డ పరిచిన డబ్బాలో మగపువ్వులు ఒక్కొక్కటిగా కోసి పెట్టుకున్నాం. తిరిగొస్తుంటే అడిగాను. "అబద్ధం ఎందుకు చెప్పారండి?"

"మా అక్క నోరు మీకు తెలీదు. మీరు పీకేశారని చెప్తే సాయంత్రానికల్లా రేవు దాకా తెలిసిపోద్ది. పిల్లలకి పాఠాలు చెప్పుకునేవారు మీరు, రేపు క్లాసులో తలెత్తుకోవద్దా?"

స్కూటీ నడుపుతున్నాను కాబట్టి ఆవిడకి నా మొహం కనపడలేదు. అది మంచిదే అయింది.

పందిరి కిందకి రాగానే నాకు పని నేర్పింది. ఒక మగపువ్వు తీసుకుని రేకల్ని వెనక్కి మడిచి, మధ్యలో ఉన్న కేసరాల్ని ఆడపువ్వు కీలాగ్రానికి మెల్లగా అద్దింది. కీలాగ్రం అన్న మాట ఆవిడ అనలేదు. "ఇదుగో, ఈ మూడు చీలికలున్న చోట. గట్టిగా రుద్దకండి. పసిబిడ్డకి బొట్టు పెట్టినట్టు" అంది. ఒక మగపువ్వుతో ఐదారు ఆడపువ్వులకి అద్దొచ్చు. ఎండ ఎక్కేలోపు అయిపోవాలి. మొదటి రోజు తొందరలో రెండు పువ్వులు తుంచేశాను. ఆవిడ ఇంకొక పువ్వు నా చేతికిచ్చింది.

మూడోనాటికి అద్దిన పిందెలు తల వంచి, రంగు ముదిరాయి. అద్దకుండా వదిలినవి పసుపురంగుకి తిరిగి రాలిపోయాయి. నేను ఒక పిందె ముందు ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. పుస్తకంలో పరాగసంపర్కం, ఫలదీకరణ అని రెండు మాటలు. ఇక్కడ అది నా వేలి కింద జరిగింది.

ఇరవై రోజులకు పైగా వెళ్ళొచ్చాం. కొన్ని రోజులు నేనొక్కదాన్నే వెళ్ళాను. పెద్దావిడకు నేనంటే ఇష్టం ఏర్పడింది. ఒకరోజు పువ్వులు కోస్తూ, "ఆ గేదె మళ్ళీ రాలేదు గదా?" అంది. నేను ఆగలేకపోయాను. "ఆ గేదెని నేనేనండి" అన్నాను. ఆవిడ నడుం పట్టుకుని నవ్వింది. తర్వాత డబ్బాలో ఇంకో గుప్పెడు పువ్వులు వేసింది. తెలిసిపోయిందని పిన్నిగారితో చెప్తే, "మీరు చెప్తే సరే. నేను చెప్పకూడదు" అంది.

ఆ ఏడు కాపు ఎప్పటంత లేదు. మధ్యలో పోయిన రోజులు పోయినవే. అయినా రోజూ అడిగే ఇళ్ళకి ఏదో ఒకరోజు కాయలు వెళ్ళాయి, నాకు గిన్నె కూడా వచ్చింది. ఆ గిన్నె తీసుకోవడానికి నేను సిగ్గుపడుతుంటే, "తీసుకోమ్మా, నువ్వు అద్దినవే" అంది పిన్నిగారు. మేడంగారూ, మీరూ అనడం ఎప్పుడు మానేసిందో నేను గమనించనే లేదు.

సెప్టెంబరులో ఒక ఆదివారం నా క్లాసు పిల్లల్ని పందిరికి తీసుకొచ్చాను. మొక్కల వైవిధ్యం మీద ప్రాక్టికల్ అన్నాను. జరిగిందంతా వాళ్ళకి చెప్పాను, పీకింది నేనేనని, దుంపలు ఎక్కడ పడేశానో కూడా. కొందరు నవ్వారు. దొండపాదు గురించి అడిగిన అమ్మాయి మాత్రం నవ్వలేదు. తన ప్రశ్న వల్లే నాకు తెలిసిందని అందరి ముందూ చెప్పాను. ఆ అమ్మాయి మొహం ఎర్రబడి నోటుబుక్కులోకి చూసుకుంది.

పాఠం పిన్నిగారు చెప్పింది. మొదట సిగ్గుపడి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒక పిల్లాడు, "పువ్వు రాకముందు ఏది పోతో ఎలా తెలుస్తుందండి?" అని అడిగేసరికి సిగ్గు పోయింది. గింజ వేస్తే తెలీదు, పూసేదాకా ఆగాల్సిందే, అందుకే దుంపలు పెడతామని, ఏ దుంప దేనిదో గుర్తుగా రంగుగుడ్డ కడతామని చెప్పింది. పది ఆడపాదులకి ఒక పోతుపాదు ఉండాలని చెప్పింది. పిల్లలు అన్నీ రాసుకున్నారు. నేనూ రాసుకున్నాను.

రెండేళ్ళ తర్వాత నాకు తూర్పుగట్టున ఇంకో కాలేజీలో ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు పర్మనెంటు. గుమ్మడి కుటుంబం పాఠం వచ్చినప్పుడు ముందు పుస్తకం తెరవను. మీ ఇళ్ళలో ఏ పాదులున్నాయి, వాటికి ఏ పువ్వులు పూస్తాయి అని అడుగుతాను. పిల్లలు చెప్పింది బోర్డు మీద రాసి, ఆ తర్వాత పుస్తకం దగ్గరికి వెళ్తాం. అందులో నాకు తెలియనిది ప్రతి ఏడూ ఒకటైనా ఉంటుంది. తెలీదని చెప్పడానికి ఇప్పుడు భయం వెయ్యదు. ఆ భయం పోగొట్టింది నన్ను ఒక్క మాటా అనకుండా పొద్దున్న ఐదింటికి తలుపు కొట్టిన ఆవిడ.

మొన్న జూన్‌లో పిన్నిగారు ఫోన్ చేసింది. ఆ ఏడాది కాకినాడలో పుట్టిన మనవరాలికి నాలుగో ఏడు నడుస్తోందట, పందిరి కింద తిరుగుతూ అన్నీ పీకుతోందట.

"గింజలు రాలి పందిరి కింద నాలుగు మొక్కలు మొలిచాయమ్మా. పోతుపాదో పెంటిపాదో తెలీదు. పీకనివ్వకుండా చుట్టూ కంప వేశాను. పూశాక ఒక ఆదివారం వచ్చి చూసి వెళ్ళు" అంది.

వస్తానని చెప్పాను.